చిల్కాలో తిప్పడానికి 11 అడుగుల తెరచాప పడవ: ప్లై, రెసిన్, కొయ్యల గురించి సలహా కావాలి

బరంపురం_కుర్రోడు

అందరికీ నమస్కారం. పడవల తయారీ నేర్చుకుంటున్నాను. కోర్సు చివర్లో ఒక్కొక్కరం ఒక చిన్న పడవ కట్టి నీళ్లలో దింపాలి. నాది 11 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, చదును అడుగు, ఒకే తెరచాప. ప్లై పలకల్ని తీగతో కుట్టి, మూలల్లో ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు రెసిన్) నింపే పద్ధతి. తెరచాప 6 చదరపు మీటర్లు, పైన వాలుగా వెదురు కట్టే రకం. నడిపేది రంభ దగ్గర చిల్కాలో.

6 ఎం.ఎం. మెరైన్ ప్లై మూడు షీట్లు సరిపోతాయా? ఇక్కడ ఫైబర్ పడవలు బాగుచేసే షాపుల్లో పాలిస్టర్ రెసిన్ చవగ్గా దొరుకుతోంది, ఎపాక్సీకి బదులు అది వాడొచ్చా? అంచు పట్టీలకు గుగ్గిలం (సాల) చెక్క ఉంది, తెరచాప కొయ్యకు సరుగుడు ఉంది. ఈ రెండూ పనికొస్తాయా? ఎక్కువ భయం మాత్రం పడవ మెలి తిరుగుతుందేమోనని. అనుభవం ఉన్న అన్నలు చెప్పగలరు.

ఇచ్ఛాపురం_వడ్రంగి

తమ్ముడూ, మూడు షీట్లు చాలవు. అడుగుకీ పక్కలకీ కలిపి ఏడు చదరపు మీటర్లు పోతుంది. వెనక పలక, అడ్డ బల్లలు, గాలి పెట్టెలు (నీళ్లు నిండినా పడవని తేల్చే మూసిన పెట్టెలు) కలిపితే మూడు షీట్ల తొమ్మిది మీటర్లూ లెక్కకి సరిపోయినట్టే కనిపిస్తాయి, కానీ వంపు కోతల్లో తరుగు పోతుంది కదా. నాలుగు తీసుకో. మన దగ్గర దొరికే 8x4 షీటు 6 ఎం.ఎం.ది సుమారు 13 కిలోలు తూగుతుంది. గట్టిదనం కోసం 9 ఎం.ఎం.కి వెళితే ఒక్కో షీటుకి ఆరేడు కిలోలు పెరుగుతాయి, ఈ సైజు పడవకి అది అనవసరపు బరువు. 6 తోనే ఉండి, అడుగున బయటివైపు 40x20 పట్టీలు రెండు నిలువునా వేస్తే పలక ఊగదు.

షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర చూసుకో. ఐఎస్ 303 అంటే ఫర్నిచర్ ప్లై. ముద్ర చూసి ఊరుకోకు, అంచు కూడా చూడు. లోపలి పొరల్లో ఖాళీలు కనిపిస్తే ఆ షీటు వద్దు. నీళ్లు చేరేది అక్కడే, కుళ్లు మొదలయ్యేదీ అక్కడే. తునక ఒకటి నాలుగైదు గంటలు ఉడకబెట్టి, ఆరబెట్టి, వంచి చూడు. పొరలు విడిపోతే ముద్ర ఉన్నా లేనట్టే.

షీటు 8 అడుగులే కాబట్టి పొడవు కోసం ఏటవాలు అతుకు వేయాలి. మందానికి ఎనిమిది రెట్లు, అంటే 6 ఎం.ఎం.కి 48 ఎం.ఎం. వాలు. అతికించాల్సిన పలకల్ని బల్ల అంచున మెట్లలా ఒకదాని వెనక ఒకటి 48 ఎం.ఎం. జరిపి పేర్చి, అన్నిటికీ ఒకేసారి చిత్రిక పట్టు. లోపలి పొరలు చారల్లా బయటపడతాయి. ఆ చారలు గీత గీసినట్టు తిన్నగా ఉంటే వాలు సమంగా వచ్చినట్టు. ఎక్కడైనా వంకర పోతే అక్కడ పల్లం పడింది. రెండు ముఖాలకీ ముందు పల్చటి ఎపాక్సీ పూసి, చెక్క పీల్చుకున్నాక చిక్కటిది పెట్టు. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటకొచ్చేసి అతుకు ఎండిపోయినట్టవుతుంది. కింద, పైన పాలిథిన్ వేయడం మరవకు, లేకపోతే పలక బల్లకే అంటుకుపోతుంది. అంచులు కలిపి లోపల ప్లై ముక్క అడ్డంగా అతికించే పద్ధతి సులువే, కానీ పలక వంపు తిరిగే చోట ఆ ముక్క ఉన్నంత మేరా వంగక మొండిగా నిలబడిపోతుంది, పక్క గీత పాడవుతుంది.

పాలిస్టర్ వద్దు. అచ్చులో పోసిన ఫైబర్ పడవకి అది చక్కగా పనికొస్తుంది, అక్కడ చెక్క మీద పట్టు అవసరం లేదు. చెక్కకి దాని పట్టు తక్కువ. ఒక గీత పడి నీళ్లు దిగాయంటే చెక్క మీద అతికించిన ఫైబర్ గుడ్డ పొరగా ఊడొస్తుంది. షాపులో ఫైబర్ చాప కూడా ఇస్తామంటారు, అదీ వద్దు. చాపలో పీచుని కలిపి ఉంచే పదార్థం పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, చాప సరిగ్గా తడవదు. నీకు కావాల్సింది చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే ఫైబర్ నేత గుడ్డ, అదే రకం 75 ఎం.ఎం. వెడల్పు టేపు. ఎపాక్సీ మొత్తం 8 నుంచి 10 కిలోలు పడుతుంది.

ఇక మెలి సంగతి. నీ భయం సరైనదే. కుట్టినప్పుడు పడవ ఇంకా మెత్తగా ఉంటుంది, ఎటు తోస్తే అటు తిరుగుతుంది. మూలల్లో ఎపాక్సీ గట్టిపడ్డాక ఆ ఆకారం జీవితాంతం. మన తీరంలో కొబ్బరి పీచు తాడుతో కుట్టే పాత పడవలకీ దీనికీ తేడా ఇదే. అక్కడ కుట్టే బలం, పలకలు కెరటానికి కాస్త కదలాలి. ఇక్కడ కుట్టు పని ఎపాక్సీ గట్టిపడే దాకానే.

రంధ్రాలు అంచుకి 10 ఎం.ఎం. లోపలికి, 150 ఎం.ఎం.కి ఒకటి. ముందు మొన దగ్గర వంపు ఎక్కువ కాబట్టి 75కి ఒకటి. తీగ 18 గేజి రాగిది, మోటారు రివైండింగ్ షాపుల్లో కిలో లెక్కన అమ్ముతారు. మొదట అన్నీ వదులుగా కట్టు. పడవని రెండు స్టాండ్ల మీద పెట్టి, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో స్టాండ్ల మట్టం చూడు. ముందొకటి వెనకొకటి, రెండు తిన్నటి కర్రల్ని పడవకి అడ్డంగా పెట్టి, వెనక నుంచి ఒక కన్ను మూసి చూడు. రెండు కర్రల పై అంచులూ ఒకే గీతలో కలవాలి. కలవకపోతే ఎత్తుగా ఉన్న మూల మీద ఇసుక సంచి పెట్టు, లేదా ఎదుటి మూల కింద చీలిక తోయి. తర్వాత మొన నుంచి వెనక పలక రెండు మూలలకీ టేపు పట్టి కొలువు. తేడా 3 ఎం.ఎం. లోపు ఉండాలి. అన్నీ కుదిరాకే తీగలు బిగించు. బిగించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే బిగింపే మెలి పెడుతుంది.

సోనాపూర్_తీరం

పై అన్న చెప్పినవన్నీ కరెక్ట్. మన తీరపు గాలిలో ఎపాక్సీ ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం కలుపుతాను.

పొద్దున పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది. పూత నిండా బుడగలు, ఆరాక సూది గుచ్చినట్టు రంధ్రాలు. వేడి తగ్గుతున్నప్పుడు పూస్తే చెక్కే ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి మొదటి పూత మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మొదలుపెట్టు. మరీ సాయంత్రానికి జరిపితే సముద్రపు తేమకి పూత మీద జిడ్డు మైనంలాంటి పొర తేలుతుంది. దాని మీద ఇంకో పూత వేస్తే పట్టదు. ఎమరీ పేపరు వేసేముందే మంచినీళ్లతో, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో కడిగెయ్. కడగకుండా రుద్దితే ఆ జిడ్డునే గీతల్లోకి కుక్కినట్టు. బొటనవేలి ముద్ర పడేంత జిగటగా ఉండగానే రెండో పూత వేస్తే కడగడం, రుద్దడం రెండూ తప్పుతాయి.

హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఎలా రాసుంటే అలా. బరువు లెక్కో, కొలత లెక్కో చదివి చూసుకో, రెండూ ఒకటి కావు. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. వేసవిలో పావుకిలో కలిపి లోతు డబ్బాలో ఉంచితే దానంతటదే వేడెక్కి పొగలొస్తుంది. వంద గ్రాముల చొప్పున కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకో.

మూలల్లో నింపే ముద్దకి ఎపాక్సీలో జల్లించిన రంపపు పొట్టు, కొంచెం సిలికా పొడి కలుపు. కర్రతో ఎత్తితే జారకుండా నిలబడాలి. 20 ఎం.ఎం. గుండ్రటి కొస ఉన్న పుల్లతో లాగు. ముందు తీగల మధ్య సందుల్లో మాత్రమే పెట్టు. అవి గట్టిపడ్డాక తీగలు తీసేసి పూర్తి ముద్ద, దాని మీద టేపు. తీగ రాకుండా మొండికేస్తే టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేస్తే ఊడొస్తుంది.

గుగ్గిలం చెక్క గురించి: పెద్ద పడవలకి మంచిదే, దీనికి బరువెక్కువ. ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది కూడా. గుమ్మడి టేకు దొరికితే అదే వాడు. తేలిక, మెలి తిరగదు, జిగురు బాగా పడుతుంది. మామూలు టేకు అయితే అతికించే ముందు అసిటోన్‌తో తుడువు, దాని నూనె అతుకుని పట్టనివ్వదు.

రంభ_గాలివాటం

నీళ్లలో దిగాక తెలిసేవి నేను చెప్తా. చిల్కాలో చాలాచోట్ల నడుము లోతే, కొన్నిచోట్ల గడ్డి. పడవ గాలికి పక్కకి జారకుండా అడుగున నీళ్లలోకి దించే బోర్డు ఉంటుంది కదా, అది పైనుంచి నిలువుగా దించే రకం పెట్టావంటే బురదలో గుచ్చుకుని, అది కూర్చునే పెట్టె పగులుతుంది. ఇరుసు మీద వెనక్కి లేచే బోర్డు పెట్టు, చుక్కాని కూడా లేచే రకమే. బోర్డు వైశాల్యం తెరచాపలో 4 శాతం, అంటే నీకు 30 సెం.మీ. వెడల్పు, నీళ్లలో 80 సెం.మీ. లోతు. బోర్డు 18 ఎం.ఎం. అయితే పెట్టె లోపలి సందు 22 ఉంచు. పూతల మందమూ, తడికి ఉబ్బడమూ ఆ నాలుగులోనే సర్దుకోవాలి. పెట్టె లోపలి ముఖాలకి బిగించకముందే మూడు పూతలు వేసెయ్, తర్వాత బ్రష్ పోదు. కారేది ఎప్పుడూ ఈ పెట్టె కిందే.

కొయ్య ఎక్కడ నిలపాలో కాగితం మీదే తేల్చుకో. తెరచాప ఆకారాన్ని అట్టముక్కలో కోసి, సూది మొన మీద నిలిస్తే దొరికే చోటు గాలి ఒత్తిడి కేంద్రం. పడవ నీళ్లలో మునిగే భాగాన్ని బోర్డుతో సహా అలాగే కోసి చూడు. గాలి కేంద్రం నీటి కేంద్రానికి 15 సెం.మీ. ముందుంటే చాలు. మరీ ముందుకి పోతే చుక్కాని వదిలినప్పుడు పడవ గాలికి వీపు తిప్పి పరుగెడుతుంది, అది ప్రమాదం. వదిలితే గాలికి ఎదురు తిరిగి ఆగిపోవాలి.

సరుగుడు పచ్చిది వద్దు. ఆరేకొద్దీ వంగుతుంది, పైగా బరువు. పై బరువు పెరిగితే చదును అడుగు పడవ తొందరగా ఒరుగుతుంది. గుమ్మడి టేకు కర్ర, బల్ల దగ్గర 60 ఎం.ఎం., కొసకి 40 చాలు. పైన వాలు కర్రకి మాత్రం గుల్ల తక్కువున్న గట్టి వెదురుని మించింది లేదు.

బరంపురం_కుర్రోడు

చాలా థాంక్స్ అన్నలూ. రెండు చిన్న సందేహాలు. తెరచాపకి ముందు టార్పాలిన్ వాడి చూడొచ్చా? గోపాలపూర్ దగ్గర సముద్రంలో కూడా ఒకసారి దింపాలని ఉంది.

రంభ_గాలివాటం

టార్పాలిన్ బాగానే పనిచేస్తుంది. వాలు కర్ర వైపు అంచు తిన్నగా కోయకు. రెండున్నర మీటర్ల పొడవుకి మధ్యలో 5 సెం.మీ. బయటికి వంపు ఇవ్వు, లేకపోతే కడుపు రాదు, గాలి పట్టదు. కింది ముందు మూలని తాడుతో గట్టిగా కిందికి లాగాలి. పై ముందు మూల నుంచి కింది వెనక మూలకి ముడతలు కనిపిస్తే ఆ లాగుడు చాలనట్టే. చేత్తో లాగితే చాలదు, తాడు మూడుసార్లు తిరిగేలా కప్పీలు పెట్టు.

సోనాపూర్_తీరం

గోపాలపూర్‌లో దింపొద్దు తమ్ముడూ. అక్కడ కెరటం ఒడ్డు దగ్గరే విరుగుతుంది. ఈ గట్టి చదును పడవ అడ్డం తిరిగిన క్షణమే బోర్లా పడుతుంది. చిల్కాలోనే నడుపు, అక్కడ కూడా ముందు బోల్తా పరీక్ష చెయ్. నడుము లోతులో, ఇంకొకరిని తోడు పెట్టుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని పడవని కావాలనే పడేసి లేపు. నీళ్లు నిండినా ఇద్దరినీ మోస్తూ మట్టంగా తేలాలి. అందుకు ముందు, వెనక మూసిన గాలి పెట్టెలు కలిపి 150 లీటర్లు ఉండేలా చూసుకో. పెట్టెల్లో చోటు కుదరకపోతే మూతలు బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు అడ్డ బల్లల కింద కట్టు. ఒక పక్కే కడితే అటే లేస్తుంది, రెండు పక్కలా సమంగా ఉండాలి.

ఎపాక్సీ ఎండకి పాడవుతుంది, పైన పెయింటు తప్పనిసరి. లేత రంగే వెయ్. ముదురు నీలం, నలుపు అయితే మన ఎండకి పలక కాలిపోయేంత వేడెక్కి లోపల ఎపాక్సీ మెత్తబడుతుంది. వాడనప్పుడు నీళ్లలో వదిలేయకు, చెక్కని తొలిచే పురుగు ఉప్పునీళ్లలో ఉంటుంది. ఒడ్డున బోర్లించి, కింద రెండు కర్రలు పెట్టి గాలి ఆడనివ్వు. అక్టోబరు దగ్గర పడితే తాళ్లతో నేలకి కట్టెయ్. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 65 కిలోల పడవ అలాంటి గాలికి నిలవదు.