మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు: పుట్టబోయే బిడ్డకు ఏ స్ట్రోలర్ తీసుకోవాలి?

మూడోఅంతస్తు:
నాకిప్పుడు ఎనిమిదో నెల. ఇంకో ఐదు వారాల్లో డెలివరీ. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆయనవి షిఫ్టు డ్యూటీలు, పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. కారు లేదు, ఎక్కడికైనా బస్సే.

రెండు స్ట్రోలర్లు (పిల్లల్ని తోసుకెళ్లే బండ్లు) చూశాం. ఒకటి పెద్దది. బిడ్డను పడుకోబెట్టే క్యారీకాట్ ఉంది, తర్వాత దాన్ని తీసేసి సీటు బిగించుకోవచ్చు. చక్రాలు పెద్దవి. మొత్తం బరువు 12.8 కిలోలు. రెండోది 6.2 కిలోలే, ఒంటిచేత్తో మడిచి భుజానికి తగిలించుకోవచ్చు. కానీ దాని డబ్బా మీద "6 నెలలు నిండిన పిల్లలకు" అని ఉంది.

రెండూ కొనలేం. ఆయన పెద్దదే అంటున్నారు, బిడ్డ సుఖం ముఖ్యం కదా అని. మెట్లు తలుచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

తేలికబండి:
రెండో ఆలోచన వద్దండీ, చిన్నదే తీసుకోండి. లెక్క వేసి చూడండి. బండి 12.8, బిడ్డ 3.2, సంచి ఒక 2 కిలోలు. మొత్తం 18 కిలోలు. దాన్ని మూడంతస్తులు దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి కదా, మిగిలింది ఒక్క చెయ్యి. ఒకవేళ ఆపరేషన్ అయితే మొదటి ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తొద్దంటారు డాక్టర్లు. అప్పుడేం చేస్తారు?

స్ట్రోలర్ కొనేవాళ్లంతా షోరూంలో నున్నటి నేల మీద తోసి చూస్తారు. ఎత్తి చూసేవాళ్లు లేరు. డబ్బా మీద 6 నెలలు అని రాయడం కంపెనీల ముందుజాగ్రత్త, అంతే. సీటు వెనక్కి వాలుతుంది కదా, కింద మెత్తటి దుప్పటి పరిస్తే సరిపోతుంది.

పసివెన్ను:
ఆ ఆఖరి మాట దయచేసి వెనక్కి తీసుకోండి. మూడోఅంతస్తు గారూ, అది అస్సలు పాటించకండి.

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. మెడకు ఆ తలను నిలబెట్టే బలం ఉండదు. సీటు కాస్త నిటారుగా ఉన్నా తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. నీళ్ల పైపు మడత పడితే ఏమవుతుందో శ్వాసనాళానికీ అదే అవుతుంది. బిడ్డ ఏడవదు, గింజుకోదు. నిద్రపోతోంది అనుకుంటాం. కూర్చోబెట్టే సీట్లలో పసిపిల్లల్ని రోజూ నిద్రపుచ్చవద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది, 4 నెలల లోపు వాళ్ల విషయంలో మరీ జాగ్రత్త అంటుంది. 6 నెలలు అని రాసింది మనకోసమే. దుప్పటి పరిస్తే ఇంకా ప్రమాదం, బిడ్డ జారుతుంది, బెల్టు వదులవుతుంది.

మొదటి ఆరు నెలలు బల్లపరుపుగా పడుకోబెట్టే బండే కావాలి. ఇందులో బేరాల్లేవు.

ఇద్దరుకవలలు:
ఏది కొన్నా హ్యాండిల్‌కు సంచులు తగిలించకండి. బిడ్డను ఎత్తుకోగానే బండి వెనక్కి తిరగబడుతుంది. మాకు రెండుసార్లు అయింది.

తేలికబండి:
పసివెన్ను గారూ, ఈ మోడళ్లలో చాలావాటి సీటు 150 డిగ్రీలు వాలుతుంది. పూర్తి పడక అంటే 180. ఆ 30 డిగ్రీల కోసం అదనంగా ఆరున్నర కిలోలు మోయాలా?

ఇంకో మాట. గొడుగులా మడిచే తేలిక బండిని 1965లో తయారుచేసింది ఓవెన్ మెక్‌లారెన్. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల భాగం రూపొందించిన ఇంజనీరు. కూతురు బరువైన ప్రామ్‌తో (పాతకాలపు పెద్ద పిల్లల బండి) పడే అవస్థ చూసి అల్యూమినియం గొట్టాలతో 3 కిలోల లోపు బండి చేశాడు. తోసేవాళ్ల కష్టం చూశాడు కాబట్టే అది పుట్టింది. ప్రపంచమంతా దాన్ని వాడింది.

పసివెన్ను:
వాడింది, కాదనను. కానీ ఎవరి కోసం? మెడ నిలబడిన, కూర్చోగలిగిన పిల్లల కోసం. ఆ బండి సీటు అంటే రెండు గొట్టాల మధ్య వేలాడే గుడ్డ. అందులో పసిబిడ్డను పెడితే వీపు విల్లులా వంగుతుంది. అది కొలిచే డిగ్రీల్లోకి రాదు. 150 అని రాసింది వెనక పలక కోణం. బిడ్డ నడుం దగ్గర ఎంత వంగిందో అందులో లేదు. ఒకసారి ఖాళీ సీట్లో అరచెయ్యి పెట్టి నొక్కి చూడండి. కిందకు దిగిపోయిందా, ఆ బండి మీకు పనికిరాదు.

చక్రాలచారి:
ఇద్దరూ సీటు దగ్గరే ఆగిపోయారు. రోడ్డు ఎలాంటిదో అడిగారా? చిన్న గట్టి చక్రాలు గతుకుల్లో చిక్కుకుంటాయి, గుంత వచ్చిన ప్రతిసారీ ముందు చక్రాలు లేపాలి. పెద్ద చక్రాలు, స్ప్రింగులు ఉంటే బిడ్డ తల ఊగదు. గాలి నింపే టైర్లు మెత్తగా పోతాయి కానీ పంక్చరవుతాయి, ఫోం టైర్లకు ఆ బాధ లేదు. ముందు చక్రాలు పక్కలకు తిరిగేవి అయి, కావాలంటే లాక్ అయ్యేవి చూసుకోండి. ఇంకా, ఒక కాలితో నొక్కితే రెండు వెనక చక్రాలూ ఆగాలి. బ్రేకు వేసి బండిని వాలు మీద వదిలి చూడండి, ఒక్క అంగుళం కదిలినా వద్దు.

ముఖాముఖి:
అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఎవరూ అడగలేదు. బిడ్డ ముఖం ఎటు ఉంటుంది? 2008లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ అనే పరిశోధకురాలు తల్లులు పిల్లల్ని తోసుకుంటూ వెళ్లడం వీధుల్లో గమనించారు. బిడ్డ తమవైపు తిరిగి ఉన్నప్పుడు తల్లిదండ్రులు బిడ్డతో చాలా ఎక్కువగా మాట్లాడుతున్నారని తేలింది. బిడ్డ ముఖం కనిపించకపోతే మనం మాట్లాడటం మానేస్తాం. అంత సింపుల్. తేలిక బండ్లలో చాలావరకు సీటు తిరగదు.

తేలికబండి:
ముఖాముఖి గారూ, మూడో అంతస్తులోనే ఉండిపోతే ముఖం ఎటున్నా ఒకటే కదండీ. బయటికి వెళ్లగలిగితేనే కదా మాటలు!

పసివెన్ను గారూ, మీరు చెప్పేదంతా పుస్తకంలో సరే. ఆవిడ ఎలా దిగుతారో ఒక్కసారీ చెప్పలేదు.

పసివెన్ను:
పుస్తకంలోదా? సరే, చెబుతాను.

మా పాప నెల ముందే పుట్టింది. ఇంటికి తెచ్చిన మూడో వారం. బయటికి వెళ్లొచ్చి, నిద్రలో ఉంది కదా లేపడం ఎందుకని, కార్లో పిల్లల్ని కూర్చోబెట్టే సీటు ఉంటుంది కదా, దానితో సహా తెచ్చి హాల్లో పెట్టాను. వంటింట్లోకి వెళ్లి పది నిమిషాల్లో వచ్చాను. గడ్డం రొమ్ము మీద ఆని ఉంది. పెదవుల చుట్టూ నీలం. ఎత్తుకోగానే ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చి ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే అనే ఆలోచనతో నేను ఏడాది పాటు రాత్రుళ్లు లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

మీకు 30 డిగ్రీలు చిన్న విషయం కావచ్చు. మీరు ఒక బిడ్డ పెదవులు నీలం కావడం చూడలేదు కాబట్టి.

తేలికబండి:
చూడలేదు. మీ పాప బాగున్నందుకు నిజంగా సంతోషం. నేనేం చూశానో కూడా చెప్పనివ్వండి.

మా బాబుకు పెద్ద బండి కొన్నది నేను. మా ఆవిడను అడగలేదు. 13 కిలోలు, దొరికినవాటిలో అన్నిటికంటే గట్టిది. బిడ్డకు మంచిదే ఇవ్వాలి అనుకున్నాను. మేముండేది రెండో అంతస్తు. నేను పొద్దున ఎనిమిదికి వెళితే రాత్రి ఎనిమిదికి వచ్చేవాణ్ని. ఆవిడకు ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు ఆ బండి తలుపు పక్కనే ఉంది, దాని మీద ఉతికిన బట్టలు ఆరేవి. బాబును బయట తిప్పుతున్నావా అని అడిగితే ఎండగా ఉంది, ముసురుగా ఉంది అనేది. నేను నమ్మాను.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. సగం మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బాబు, పై మెట్టుకు అడ్డంగా బండి. దించలేక, మళ్లీ పైకి లాగలేక గంట నుంచి అలాగే ఉందట. ఫోను ఇంట్లో ఉండిపోయింది. నన్ను చూసి ఏడవను కూడా లేదు. ఆ తర్వాత తను మామూలు మనిషి కావడానికి చాలా కాలం పట్టింది, డాక్టరు దగ్గరికి తిరిగాం. నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉంటే మనిషి ఏమవుతుందో నాకు అప్పటిదాకా తెలియదు.

బండి బిడ్డదే కావచ్చు. మోసేది తల్లి. "బిడ్డ సుఖం ముఖ్యం" అని ఎవరన్నా నాకు ఆ మెట్లే కనిపిస్తాయి.

ఇద్దరుకవలలు:
చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

పసివెన్ను:
తేలికబండి గారూ, ఇది మొదటే చెప్పి ఉంటే నేను అలా విరుచుకుపడేదాన్ని కాదు. నాకు లిఫ్ట్ ఉండేది. నేను ఒక్కసారి కూడా ఆ బరువు ఎత్తలేదు. మెట్ల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ పడక విషయంలో మాత్రం మారను. తల్లి దిగలేకపోతే బండి మార్చాలి, బిడ్డ వీపు వంచకూడదు.

తేలికబండి:
దుప్పటి మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ఆరు నెలలు అని రాసి ఉంటే ఆరు నెలలే. మా బాబుకు తర్వాత తేలిక బండి కొన్నప్పుడు వాడికి ఎనిమిదో నెల, అందుకే ఆ తేడా నా అనుభవంలోకి రాలేదు.

అయినా పెద్ద బండిని రోజూ మోసుకు తిరగమనడం కూడా సలహా కాదు. ఇంకో దారి ఏదైనా ఉంటే చెప్పండి.

పసివెన్ను:
ఉంది. మొదటి నెలల్లో బిడ్డను రొమ్ముకు కట్టుకునే క్యారియర్ వాడొచ్చు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, రెయిలింగ్ పట్టుకోవచ్చు. మూడు చూసుకోవాలి: కిందికి చూస్తే బిడ్డ ముఖం కనిపించాలి, మనం తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి, గడ్డానికీ రొమ్ముకూ మధ్య ఒక వేలు పట్టాలి. నెలలు నిండకుండా పుడితే, బరువు తక్కువైతే ముందు డాక్టరును అడగాలి. బండి కిందనే ఉంచగలిగితే పెద్దది, లేకపోతే చిన్నదే, కానీ ఆరు నెలల తర్వాత.

"పుట్టినప్పటి నుంచి" అని రాసి ఉండి, సీటు నిజంగా బల్లపరుపుగా పరుచుకునే మధ్యరకం బండ్లు కూడా ఉన్నాయి. చాలావరకు 7 నుంచి 9 కిలోల మధ్య ఉంటాయి. వాటిని కూడా అరచేత్తో నొక్కి చూడండి.

చక్రాలచారి:
కింద పెడితే గొలుసు వేసుకోండి. మడిచేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. మడత కీళ్లలో పిల్లల వేళ్లు పడి తెగిన ఫిర్యాదులతో 2009లో అమెరికాలో సుమారు 10 లక్షల బండ్లకు కీలు తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. కీళ్ల మీద మూత ఉందో లేదో చూడండి. బెల్టు ఐదు చోట్ల బిగిసేదిగా ఉండాలి: రెండు భుజాలు, రెండు నడుం, కాళ్ల మధ్య ఒకటి.

ముఖాముఖి:
ఎండకు బండి మీద పలుచటి గుడ్డ కప్పేస్తారు చాలామంది. వద్దు. గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది. బండితో వచ్చిన టాపు చాలు. (క్యారియర్‌లో ముఖం ఎలాగూ మనవైపే ఉంటుంది, నాకు ఇంకేం అభ్యంతరం లేదు.)

మూడోఅంతస్తు:
అందరివీ చదివాను. తేలికబండి గారు రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి పది లీటర్ల నీళ్ల క్యాన్ నిండా నింపి, పైన రెండున్నర కిలోల బియ్యం సంచి కట్టి, ఒక్క చేత్తో పట్టుకుని కిందికి దిగారు. రెండో చెయ్యి రెయిలింగ్ మీదే ఉండాలని నేనే చెప్పాను. పైకి వస్తూ రెండో అంతస్తు మలుపులో క్యాన్ దించి నిలబడ్డారు. నేను పైనుంచి చూస్తున్నాను. వేళ్ల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. "నువ్వు దీన్ని ఎత్తొద్దు" అన్నారు, అంతే.

పొద్దున ఇంటి ఓనరు గారిని అడిగాం. మెట్ల కింద మూల ఉంది, పాత సైకిలు తీయిస్తే వాడుకోమన్నారు. కొలిచాను. వెడల్పు 58 సెంటీమీటర్లు, ఎత్తు తక్కువ వైపు 95. పెద్ద బండి మడిచి నిలబెడితే 61 వెడల్పు అని రాశారు. మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయాం.

చక్రాలచారి:
ఆ 61 వెనక చక్రాలతో కలిపి అయి ఉంటుంది. చాలా మోడళ్లలో వెనక చక్రాలు నొక్కితే ఊడి వస్తాయి. చక్రాలు తీశాక ఎంతో అడగండి.

పసివెన్ను:
రోజూ చక్రాలు తీసి పెట్టాలంటే వంగాలి. ఆపరేషన్ అయితే అదీ కష్టమే. వాలుగా, ఒక మూలకు ఆనించి పెడితే పడుతుందేమో ముందు చూడండి. ఒక అట్టముక్కను 61 వెడల్పుకు కత్తిరించి అక్కడ నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తేలికబండి:
అట్ట కోసేటప్పుడు హ్యాండిల్ పొడవు కూడా కలుపుకోండి, మడిచినా అది బయటికి వస్తుంది. పట్టకపోతే ఆ 7 కిలోల రకం చూడండి. ఈసారి షాపులో తోసి చూడకండి, మీవారి చేత కాదు, మీరే ఎత్తి చూడండి. డెలివరీ అయ్యాక వీలు చూసుకుని ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాం.