వాగులో దొరికిన పరిగె కొత్త జాతో కాదో ఎలా తేలుతుంది?

వాగుగట్టు:
నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. కృష్ణలో కలిసే ఓ చిన్న వాగులో మా మామయ్య వల వేస్తే పరిగెల్లో నాలుగైదు తేడాగా వచ్చాయి. తోక మొదట్లో నల్లచుక్క మామూలే గానీ వీటికి మొప్పల వెనకాల ఇంకో మరక ఉంది, వెన్ను రెక్క అంచు ఎర్రగా ఉంది. ఊళ్లోవాళ్లు అన్నిటినీ పరిగెలనే అంటారు, కలిపి పులుసు పెట్టేస్తారు. డీఎన్‌ఏ చేయిస్తే చాలు, కొత్త జాతి అని పేపర్ వేసేయొచ్చంటున్నాడు మా సీనియర్. నిజమేనా? పేరు నేనే పెట్టొచ్చా?

పొలుసులలెక్క:
డీఎన్‌ఏ సంగతి తర్వాత తమ్ముడూ, చేపను ఎలా దాచావో ముందు చెప్పు. బతికుండగానే ఎడమవైపు ఫొటో తీయాలి, ఫార్మాలిన్‌లో పడితే ఆ ఎరుపు నిలవదు. ఫార్మాలిన్‌లో వేయకముందే కుడివైపు రెక్క చిన్నముక్క కోసి అచ్చమైన ఆల్కహాల్‌లో పెట్టాలి, తర్వాతైతే డీఎన్‌ఏ తీయడం చాలా కష్టం. చేపను 10 శాతం ఫార్మాలిన్‌లో గట్టిపడనిచ్చి, కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు. ఇక మైక్రోస్కోప్ కింద పార్శ్వరేఖ (చేప పక్కన మొప్పల నుంచి తోకవైపు సాగే సన్నని గీత) మీద పొలుసులు, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టాలి, మీసాలున్నాయో లేవో చూడాలి. పరిగెల్లో పార్శ్వరేఖ తోకదాకా వెళ్తుందా, మధ్యలో ఆగిపోతుందా అన్నదానికే సగం కథ తేలిపోతుంది.

డీఎన్‌ఏతో జాతిని గుర్తుపట్టే బార్‌కోడింగ్ అంటే సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్క చదివి, తెలిసిన జాతుల ముక్కలతో పోల్చడం. 2 శాతం తేడా వస్తే కొత్త జాతి అని ఓ మాట చలామణిలో ఉంది, అది రూలేం కాదు. పోల్చే సీక్వెన్స్‌కే తప్పుడు పేరు తగిలించి ఉంటే నీ ఫలితం కూడా గోవిందా.

గుడ్డిదీపం:
వానలు పడ్డాక పట్టావా? గుడ్లు పెట్టే కాలంలో మగ పరిగెలకు రంగు తిరుగుతుంది. ఆడవి, పిల్లవి కూడా చూడకుండా టెన్షన్ పడకు.

భీమఒడ్డు:
అసలు తిప్పలు పాత పేర్లతోనే. కృష్ణా పరీవాహకంలో కొత్త చేప అంటే బ్రిటిష్ సైనికాధికారి కల్నల్ సైక్స్ 1839లో దక్కన్ చేపల మీద రాసింది దాటి రావాలి. ఆయన వర్ణనలు నాలుగు ముక్కల్లో ఉంటాయి, చాలావాటికి అసలు నమూనాలే ఇప్పుడు లేవు. అందుకే ఆయన పట్టిన నదిలోనే మళ్లీ పట్టి పోల్చుకోవాలి.

పోల్చకపోతే ఏమవుతుందో కావేరి మూపురం మహసీర్‌ని చూడండి. 50 కిలోలు దాటే చేప, గాలం వేసేవాళ్లందరికీ తెలుసు. దానికి ఏళ్ల తరబడి సైక్స్ పెట్టిన ముస్సుల్లా పేరే అంటగట్టారు. తీరా చూస్తే ఆ పేరు మహసీర్‌దే కాదు, కృష్ణా వైపు ఉండే ఇంకో చేపది. కేరళలో కావేరి ఉపనది పాంబార్‌లో దొరికిన పిల్ల చేపలతో అప్పటికే టోర్ రెమదేవీ అని ఒక జాతిని వర్ణించి ఉన్నారు. ఈ మూపురం చేప అదేనని 2018లో తేలింది. తేలేసరికి అది అంతరించే అంచుకొచ్చింది.

వాగుగట్టు:
అంటే పేరు పెట్టే యోగం ఇప్పట్లో లేదన్నమాట. నిజంగానే కొత్తదైతే నమూనా ఎవరికివ్వాలి? కాలేజీ మ్యూజియంలో పెడితే సరిపోదా?

పొలుసులలెక్క:
కాలేజీ సీసా ఎండిపోతే అడిగే నాథుడుండడు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనా ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాల్సిందే, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అందులో ఒకటి. వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం మన హైదరాబాద్‌లోనే, అత్తాపూర్‌లో ఉంది. ముందు మీ గైడ్‌తో ఉత్తరం పెట్టించి, అక్కడి పరిగెలతో నీవాటిని పక్కపక్కన పెట్టి చూసుకో. పేరంటావా, వర్ణన రాసినవాళ్లే పెడతారు, సొంత పేరు మాత్రం పెట్టుకోరు. ఆన్‌లైన్ జర్నల్‌లో మాత్రమే వేస్తే జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టర్ జూబ్యాంక్‌లో నమోదు కూడా ఉండాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు.

భీమఒడ్డు:
ఊరి పేరో వాగు పేరో పెట్టు, జనం తమదనుకుంటారు. మహారాష్ట్ర అంబోలిలో గుడి కోనేట్లో దొరికిన చిన్న చేపకు 2020లో షిస్టురా హిరణ్యకేశి అని నది పేరే పెట్టారు, మరుసటేడే ఆ చోటుని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ హిరణ్యకేశి నీళ్లు కూడా ఘటప్రభ మీదుగా మన కృష్ణలోకే వస్తాయి. ఇంతకీ నీ వాగు టైగర్ రిజర్వులో లేదు కదా? ఉంటే అటవీశాఖ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా మామయ్యని మళ్లీ వల వేయనివ్వకు.