అప్‌డేట్: టి-పరీక్షలో చేతి లెక్క, ఆర్ ఫలితం ఎందుకు కలవలేదో తేలింది

హైదరాబాద్‌లో మా ఎం.ఏ. మనస్తత్వశాస్త్ర విద్యార్థుల ప్రాక్టికల్స్‌లో, రెండు సమూహాల జ్ఞాపకశక్తి స్కోర్లపై చేతితో చేసిన టి-పరీక్షకూ (రెండు సగటులను పోల్చే పరీక్ష) ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన దానికీ పి-విలువ (అసలు తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) ఎందుకు వేరుగా వస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (పి-విలువ లెక్కలో వాడే ఒక సంఖ్య) చూడమన్న సలహాతోనే చిక్కు వీడింది. సమూహాల్లో 18, 27 మంది ఉన్నారు కాబట్టి పాఠ్యపుస్తక సూత్రం ప్రకారం అది 18 + 27 − 2, అంటే 43 కావాలి, కానీ ఆర్‌లో అంతకన్నా తక్కువగా, దశాంశాలతో కనిపించింది. రెండు సమూహాల వేరియన్స్ (స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సమానమని అనుకోకుండా ఆర్ తనంతట తానే వెల్చ్ పరీక్ష చేస్తుందని, పుస్తకంలోనిది అవి సమానమని అనుకునే, ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో వచ్చిన 1908 నాటి పరీక్ష అని మా గణాంకశాస్త్ర విభాగం అధ్యాపకులు వివరించారు. ఆర్‌లో వేరియన్స్ సమానమా అని అడిగే వార్.ఈక్వల్ (var.equal) అన్నచోట ట్రూ (TRUE) అని ఇవ్వగానే రెండు ఫలితాలూ కలిశాయి. ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ అయితే రెండింటినీ పక్కపక్క వరుసల్లో చూపుతుంది, బోధనకు అది నిజంగా మేలు.

ఖాళీ గడులు, దశాంశాల సవరింపు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ వంటి అనుమానాలకు దీనితో సంబంధం లేదు. సమూహాల పరిమాణాలు అసమానంగా ఉన్నప్పుడు వెల్చ్ పరీక్షే నమ్మదగినదని నా అభిప్రాయం, అందుకే ఇకపై ఏ పరీక్ష వాడారో రికార్డులో తప్పనిసరిగా రాయమంటున్నాను.