రోడ్డు ఎత్తవుతోంది, మా ఇల్లు గుంటలో పడుతోంది. జాకీలతో లేపించుకోవాలా?

సింగ్‌నగర్ కుట్టుమిషన్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. ఇల్లు కట్టిన కొత్తలో రోడ్డు నుంచి గడపకు మూడు మెట్లు ఎక్కేవాళ్లం. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ వచ్చారు. ఇప్పుడు మిగిలింది ఒక్క మెట్టు, అదీ సగం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు నీళ్లు కిటికీలు ముంచాయి. దానిని మూడు మెట్లు ఆపేవని నేననను. నా బాధ మామూలు వానతోనే. గంటసేపు కురిస్తే మురుగు గడప దాటి మిషను పెడలు దాకా వస్తోంది. పెళ్లివారి జాకెట్లు అటక మీద దాచుకుంటున్నాను. ఇల్లు మూడడుగులు లేపుతానని ఒక మేస్త్రి అంటున్నాడు. లేపించమంటారా?

తాపీపని ముప్ఫై ఏళ్లు:
అమ్మా, తొందరపడకండి. ముందు పునాది చూపించండి. గోడల మీద నిలిచిన పాత ఇల్లయితే పగుళ్లొస్తాయి. లేపాక మరుగుదొడ్డి గొట్టాలు, మెట్లు, నేల అన్నీ మళ్లీ చేయాలి. మేస్త్రి చెప్పిన లెక్కలో అవి ఉండవు. పైగా మీ నీళ్లు పక్కింటికి పోతాయి, తగవు మీకు మిగులుతుంది.

కృష్ణలంక:
మా దగ్గర 2009లో కృష్ణా వరదకు ఇళ్లు మునిగాయి. 2024లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినా రక్షణ గోడ మమ్మల్ని కాపాడింది. ఎవరిల్లు వాళ్లు లేపుకుని ఉంటే అది జరిగేదా? అయితే గోడ నదిని ఆపుతుంది కానీ వీధిలో పడ్డ వానను కాదు.

డెన్మార్క్‌లో గుంటూరోడు:
కోపెన్‌హాగన్‌లో 2011 జులై 2న రెండు గంటల కుంభవృష్టికి ఎన్నో సెల్లార్లు నిండాయి. ఆ మరుసటి ఏడాదే నగరమంతటికీ ప్రణాళిక వేసి, కొన్ని వీధులను నీళ్లు పార్కులకు, సముద్రానికి పారేలా మలచడం మొదలుపెట్టారు. ఎంగేవ్ అనే పార్కులో రెండు కోట్ల లీటర్లకు పైగా వాన నీరు నిలవగలదు. అక్కడ రోడ్డే కాలువ. మనకేమో రోడ్డే కట్ట! పాత తారు చెక్కేశాకే కొత్తది వేయాలని పట్టుబట్టండి అక్కా. చెక్కే యంత్రాలు మన దేశంలోనూ ఉన్నాయి.

సింగ్‌నగర్ కుట్టుమిషన్:
మేస్త్రికి వద్దని చెప్పేశాను. నిన్న బట్టలు కొలిచే టేపుతోనే వీధంతా కొలిచాను. ఇరవై రెండిళ్లలో పద్నాలుగింటి గడపలు రోడ్డు కన్నా కిందే ఉన్నాయి. జాకెట్ల కొలతల పుస్తకంలోనే రాసుకున్నాను, ఇంటి నంబరు ఎదురుగా అంగుళాలు. సోమవారం అర్జీతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్తున్నాను. పదకొండు మంది వస్తామన్నారు. ఎదురింటాయన మాత్రం ఆలోచిస్తున్నారట, ఆయనది మేడ మీద కాపురం.