గాలాపాగోస్ వానల లెక్క: భూమధ్యరేఖ మీద ఇంత పొడి ఎందుకు? సగటు ఎంతని రాయాలి?

ప్రశ్న (మేఘమాల)

గాలాపాగోస్ దీవుల వాతావరణం మీద డిగ్రీ విద్యార్థులకు పాఠం తయారు చేస్తున్నాను. మూడు చోట్ల చిక్కుపడింది. దీవులు భూమధ్యరేఖ మీదే ఉన్నా తీరమంతా కాక్టస్, ఆకురాల్చిన చెట్లే. ఎందుకు? రెండోది, సాంతా క్రూజ్ దీవిలోని ప్యూర్టో అయోరా లెక్కల్లో 1983కి 2,769 మి.మీ., 1985కి 64 మి.మీ. అని ఉంది. ఎక్కడైనా అచ్చుతప్పు పడిందా? ఇలాంటి ఊరికి సగటు ఎంతని రాయాలి? మూడోది, ఎల్ నినో (పసిఫిక్ నీరు మామూలు కంటే వెచ్చబడే స్థితి) అంటే వర్షాభావం అని చదువుకున్న పిల్లలకు ఇక్కడ అదే వాన తెస్తుందని ఎలా చెప్పాలి? ఎల్ నినో ప్రకటన వస్తే అక్కడ వాన ఖాయమేనా?

జవాబు 1 (ముసురు)

అచ్చుతప్పు కాదండీ, రెండూ నిజమైన అంకెలే. మధ్యలో ఒక్క ఏడాది తేడాతో వాన 43వ వంతుకు పడిపోయింది.

భూమధ్యరేఖ మీద ఉన్నంత మాత్రాన వాన రాదు. కింద వెచ్చటి నీరు ఉండాలి, పైన గాలి లేచే దారి ఉండాలి. గాలాపాగోస్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం ఈ రెండూ ఉండవు. తూర్పు పసిఫిక్‌లో వానమేఘాల పట్టీ, అదే ఐటీసీజడ్, దాదాపు ఏడాదంతా రేఖకు ఉత్తరానే ఉండిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే దీవుల దాపుకు దిగుతుంది. ఇక నీటి సంగతి: ఆగ్నేయ వ్యాపార పవనాలు పెరూ తీరపు హంబోల్ట్ ప్రవాహం చల్లదనాన్ని ఇటు తోస్తాయి. పడమటి నుంచి సముద్రం అడుగున వచ్చే క్రామ్‌వెల్ ప్రవాహం ఫెర్నాండినా, ఇసబెలా దీవులకు కొట్టుకుని పైకి ఉబుకుతుంది. రేఖ మీద పెంగ్విన్లు బతకగలుగుతున్నాయంటే ఆ చల్లటి నీటి వల్లే.

చల్లటి నీటి మీది గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. దాని పైన దిగుతున్న వెచ్చటి పొడి గాలి మూతలా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటాం. మబ్బు ఆ మూత కిందే పలచగా పరుచుకుంటుంది తప్ప ఎత్తుకు లేవదు. జూన్ నుంచి డిసెంబరు దాకా అక్కడ పడేది ఈ మబ్బు రాల్చే ముసురే, స్థానికంగా దాన్ని గారూవా అంటారు. జనవరి నుంచి మే దాకా నీరు వెచ్చబడి, మూత బలహీనపడి, జల్లులు పడతాయి. పాఠంలో ఈ రెంటినీ ఒకే వానగా కలిపెయ్యకండి. పుట్టుకే వేరు.

ఎత్తునుబట్టి లెక్క ఎలా మారుతుందో కూడా చూపించండి. సాంతా క్రూజ్ దక్షిణపు వాలు మీద సుమారు 300 మీటర్లు దాటాక ముసురుమబ్బు నేరుగా కొండకు తగులుతుంది. స్కలేసియా చెట్ల కొమ్మలకు నాచు వేలాడుతుంది, ఆ నాచు కొసల నుంచి నీరు కారుతూనే ఉంటుంది. అదే రోజు ఉత్తరాన, వర్షచ్ఛాయలో ఉన్న బాల్ట్రా దీవిలో నేల పొడిపొడిగా, పాలో సాంతో చెట్లు బూడిదరంగు కట్టెల్లా నిలబడి ఉంటాయి. ఇసబెలాలోని ఎత్తైన అగ్నిపర్వతాల శిఖరాలు ఆ మూతను దాటి పైకి పోతాయి, అందుకే అక్కడ మళ్లీ కాక్టస్ కనిపిస్తుంది. వాటిలో వోల్ఫ్ ఎత్తు 1,707 మీటర్లు. ఎత్తుకు పోయేకొద్దీ వాన పెరుగుతుందన్న పాఠ్యపుస్తకపు గీత ఇక్కడ మధ్యలో విరిగిపోతుంది.

జవాబు 2 (మిల్లీమీటరు)

సగటు సంగతి నేను చెప్తాను. 20 ఏళ్ల వరుస తీసుకుంటే 1983 ఒక్కటే సగటును 138 మి.మీ. పెంచుతుంది. 1985 వాటా 3 మి.మీ. అందుకే కూడి భాగించిన సగటు మామూలు ఏడాదిలా ఉండదు. మధ్యగతం, అంటే ఏళ్ల వానను చిన్న నుంచి పెద్దకు పేర్చితే నడిమి విలువ, రాయండి, పక్కనే పావు, ముప్పావు స్థానాల విలువలు ఇవ్వండి. ఎల్ నినో ఏళ్లను తీసేసి లెక్క కట్టడం మాత్రం తప్పు, అవి ఆ వాతావరణంలో భాగమే.

జనవరి నుంచి డిసెంబరుకు కూడకండి. 1982-83 ఎల్ నినో వాన 1982 చివర్లోనే మొదలైంది, క్యాలెండరు దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. సెప్టెంబరు నుంచి ఆగస్టుకు కూడితే ఒక్కో వేడికాలం చెక్కుచెదరకుండా ఒకే ఏడాదిలో పడుతుంది. కూడే ముందు ఖాళీ గడి, సున్నా ఒకటి కాదని సరిచూసుకోండి. రీడింగ్ తీయని రోజును సున్నాగా నింపితే లేని కరువు పుట్టుకొస్తుంది.

ముసురును మామూలు రెయిన్ గేజ్ సరిగ్గా పట్టలేదు. సన్నటి బిందువులు గాలితో అడ్డంగా పోతాయి, గరాటు అంచుకు అంటినవి ఆవిరైపోతాయి. గేజ్ లోపల 0.2 మి.మీ. వానకోసారి నిండి ఒరుగుతూ లెక్కపెట్టే చిన్న బకెట్ ఉంటుంది, అది ఒరిగేలోపే ఎండ వస్తే ఆ తడి లెక్కకు రాదు. పెద్ద వానలో తప్పు ఇంకో రకం: బకెట్ ఒరిగే క్షణంలో పడిన నీరు జారిపోయి, అంకె తగ్గుతుంది. ముసురుమబ్బు, పొగమంచు నీటిని విడిగా కొలవాలంటే ఒక చదరపు మీటరు చట్రానికి 35 శాతం నీడనిచ్చే ప్లాస్టిక్ వలను రెండు పొరలుగా బిగించి, అడుగు అంచు నేలకు 2 మీటర్ల ఎత్తున ఉండేలా, గాలికి ఎదురుగా నిలబెడతారు. ఆ లీటర్లను వాన మిల్లీమీటర్లకు కలపకండి. వల నిలువుగా ఉంటుంది, గరాటు నోరు అడ్డంగా ఉంటుంది.

మేఘమాల

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు కాలాలనూ వేర్వేరు పట్టికల్లో పెడతాను. ఎల్ నినో ప్రశ్న మిగిలింది.

జవాబు 3 (తేమగాలి)

ప్రకటన వచ్చినంత మాత్రాన ఖాయం కాదండీ. పసిఫిక్ వెచ్చదనం పడమటి నుంచి తూర్పుకు జరిగితే వానా దాని వెంటే జరుగుతుంది. పసిఫిక్ పడమటి కొసన ఉన్న తీరాలు ఎండిపోవడం, గాలాపాగోస్ తడవడం ఒకే కదలికకు రెండు కొసలు. పిల్లలకు ఈ ఒక్క బొమ్మ గీస్తే చాలు.

వార్తల్లో ఎక్కువగా వినిపించే నినో 3.4 సూచీ 170 నుంచి 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య నీటిది. దీవులు 90 డిగ్రీల దగ్గర, అంటే ఆ పెట్టె తూర్పు అంచుకు ఇంకా దాదాపు 3,300 కిలోమీటర్ల అవతల ఉన్నాయి. 2015-16లో ఆ సూచీ చాలా బలంగా ఉన్నా దీవుల్లో 1997-98 ఎల్ నినో అంత వాన పడలేదు, వెచ్చదనం మధ్య పసిఫిక్‌లోనే ఎక్కువగా నిలిచిపోయింది. మీరు నినో 1+2 చూడండి, అది దీవులకు తూర్పున దక్షిణ అమెరికా తీరం దాపు నీటి సూచీ.

అందులోనూ మామూలు కంటే ఎంత ఎక్కువన్న తేడా ఒక్కటే చూస్తే మోసపోతాం, అసలు ఉష్ణోగ్రత కావాలి. సెప్టెంబరులో నీరు మామూలుగా సుమారు 22 డిగ్రీలు. దానికి 2 కలిపినా 24, మూత తెరుచుకోదు. మార్చిలో సుమారు 26కి అదే 2 కలిస్తే 28, ఉరుములతో పెద్ద మబ్బులు లేవడానికి అది చాలు. ఒకే +2, ఒక నెలలో ముసురు, ఇంకో నెలలో వరద.