జీతం లేని మనిషిని పదవిలోంచి తీసేయొచ్చా? టిమ్ పీటర్స్ గొడవ మీద మీరేమంటారు?

కోడ్‌కూలీ:
మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన వాదన ఇది. తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2024 ఆగస్టులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని నడిపించే స్టీరింగ్ కౌన్సిల్ ఒక కోర్ డెవలపర్‌ని, అంటే జీతం లేకుండా ఆ భాష కోడ్‌ని చూసుకునేవాళ్ళలో ఒకరిని, మూడు నెలలు సస్పెండ్ చేసింది. ప్రకటనలో పేరు లేదు, కానీ అది టిమ్ పీటర్స్ అని అందరికీ తెలిసిపోయింది. 2002 నుంచి పైథాన్‌లో ఉన్న టిమ్‌సార్ట్ (జాబితాని వరుసలో పెట్టే పద్ధతి) ఆయనదే. పైథాన్‌లో ఇంపోర్ట్ దిస్ అని కొడితే వచ్చే జెన్ ఆఫ్ పైథాన్, అదే కోడ్ ఎలా రాయాలో చెప్పే సూక్తులు, ఆయన రాసిందే.

అసలు గొడవ ఏంటంటే, పైథాన్ వెనకున్న సంస్థ పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నియమావళిలో ఒక మార్పు తెచ్చారు. ప్రవర్తనా నియమాలు మీరిన ఫెలోని (సేవలకి గౌరవంగా సభ్యత్వం పొందినవాళ్ళని) సభ్యుల ఓటు అక్కర్లేకుండా బోర్డే తీసేయొచ్చని. దాని మీద ఈయన గట్టిగా వాదించారు. తర్వాత వచ్చిన అభియోగాల్లో ఒకటి, ఆ చర్చలో 177 పోస్టులుంటే 47 ఈయనవేనట! తీసేసే రూల్‌ని ప్రశ్నించినవాణ్ణే తీసేస్తే ఇంక ఎవరు నోరెత్తుతారు?

సెమికోలన్:
47 పట్టుకుని మిగతావన్నీ గబగబా దాటేశారు మీరు. అభ్యంతరకరమైన మాటలు వాడారని ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల లాంటి విషయాన్ని తేలిగ్గా మాట్లాడారని ఉంది. ఆ మాటలు నిజంగా అంత తప్పా కాదా అన్నది వేరే వాదన, చేద్దాం. కానీ "విమర్శించినందుకే తీసేశారు" అనడం సగం కథే.

ఇంకోటి. పెద్దాయన ఒక్కరే 47 సార్లు మాట్లాడితే, కొత్తగా వచ్చినవాళ్ళు చదివి, ట్యాబ్ మూసేసి వెళ్ళిపోతారు. వాళ్ళ లెక్క ఏ జాబితాలోనూ ఉండదు. నేను అలా రెండు ప్రాజెక్టుల్లోంచి వెళ్ళిపోయినదాన్నే.

పాత_పైథాన్:
సస్పెన్షన్ కన్నా దాన్ని చేసిన తీరే నాకు నచ్చలేదు. పేరు రాయరు, ఫలానా రోజు ఫలానా మాట అన్నాడని చూపించరు, అభియోగాలు మాత్రం ఊరందరి ముందు పెడతారు. వాటికి ఆయన జవాబు ఎలా చెప్పుకుంటాడు? చెబితే అది నేనేనని ఒప్పుకున్నట్టు, చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. గుట్టుగా ఉంచాలంటే మొత్తం గుట్టుగా ఉంచాలి, లేదంటే ఆధారాలతో సహా బయటపెట్టాలి.

రాత్రి_షిఫ్ట్:
పెద్దవాళ్ళ సంగతి సరే, నాకు జరిగింది చెప్తా. ఒక యాప్ తెలుగు అనువాదానికి నాలుగేళ్ళు రివ్యూయర్‌గా ఉన్నా. పేరొద్దు. సేవ్ బటన్ మీద ఏం రాయాలన్నది తగువు. నేను "సేవ్ చేయి" అన్నా, కోఆర్డినేటర్ గారు "భద్రపరచు" అన్నారు. మా అమ్మకి ఫోన్ ఇచ్చి చూపిస్తే "ఏం, లాకర్‌లో పెడుతుందా?" అంది. అది గ్రూపులో రాశా. నలుగురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. అక్కడే చెడిందనుకుంటా.

వారం తర్వాత డ్యూటీ దిగి తెల్లారుజామున లాగిన్ అయ్యా. "ఆమోదించు" బటన్ లేదు. బ్రౌజర్ మార్చా. క్యాష్ క్లియర్ చేశా. నవ్వకండి, రూటర్ కూడా ఆపి మళ్ళీ ఆన్ చేశా. చివరికి ప్రొఫైల్ తెరిస్తే రివ్యూయర్ బదులు కంట్రిబ్యూటర్ అని ఉంది. మెయిల్ లేదు, మెసేజ్ లేదు. అడిగితే "టీమ్ నిర్ణయం" అన్నారు. ఆ టీమ్‌లో నేనూ ఉన్నా కదండీ! ఉద్యోగం పోతే కనీసం రిలీవింగ్ లెటర్ అయినా ఇస్తారు.

మూసీ_ఒడ్డు:
అన్నా, చెప్పకుండా తీయడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ నాలుగు నవ్వుల బొమ్మలు చూసినప్పుడు మీ కోఆర్డినేటర్‌కి ఎట్లుండి ఉంటుందో? ఆయనకూ జీతం లేదు.

నేను అవతలి పక్క కూర్చున్నవాణ్ణి. ఒక చిన్న కోడ్ లైబ్రరీ ప్రాజెక్టులో ఒకతని కమిట్ హక్కు (కోడ్‌ని నేరుగా మార్చే హక్కు) నేనే తీసేసిన. మెయిల్ రెండు రోజులు రాసి చెరిపి రాసిన. అయినా అతను స్క్రీన్‌షాట్ తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టిండు. నెల రోజులు ఆ ప్రాజెక్టు రిపో (కోడ్ ఉండే చోటు) తెరవాలంటేనే టెన్షన్.

విమర్శ అంతా మంచికే అన్నట్టు మాట్లాడుతున్నరు కాబట్టి ఎక్స్‌జెడ్ సంగతి గుర్తు చేస్తా. ఫైళ్ళని కుదించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఉంటది. 2022లో దాన్ని చూసుకునే ఆయన్ని "అప్‌డేట్లు రావట్లేదు, ఇంకొకరికి అప్పగించు" అని ముక్కూ మొహం తెలియని ఖాతాలు పొడిచినయి. మానసికంగా బాగాలేదని, ఇది జీతం లేని హాబీ అని ఆయన చెప్పుకున్నా వినలేదు. మెల్లగా జియా టాన్ అనే పేరు పెట్టుకున్నోడి చేతికి తాళాలు పోయినయి. 2024 మార్చిలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్‌కి అర సెకను ఎందుకు ఎక్కువ పడుతుందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వితే గానీ అందులో పెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడలే. ఆ మెసేజ్‌లు కూడా చూడ్డానికి విమర్శలే.

పాత_పైథాన్:
అది దాడి, విమర్శ కాదు. రెండిటినీ ఒక గాటన కట్టకండి.

మూసీ_ఒడ్డు:
2022లో ఆ తేడా ఎవరు చెప్పగలిగిండ్రు?

కోడ్‌కూలీ:
మరి తీసేసేవాళ్ళని అడిగేదెవరు? 2021 నవంబరులో రస్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో ప్రవర్తనా నియమాలు చూసే మోడరేషన్ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. ప్రాజెక్టుని నడిపే కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాకుండా కూర్చుందని, తాము దాని మీద నియమాలు అమలు చేయలేకపోతున్నామని. కాపలావాళ్ళే చేతులెత్తేశారు.

సెమికోలన్:
అదే ఉదాహరణ నాకూ పనికొస్తుంది. ఆ గొడవ తర్వాత 2023లో కోర్ టీమ్ పోయి లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. పైథాన్‌లో స్టీరింగ్ కౌన్సిల్‌ని కోర్ డెవలపర్లే ఓటేసి ఎన్నుకుంటారు. నచ్చకపోతే దింపొచ్చు. రాత్రి_షిఫ్ట్ గారి కోఆర్డినేటర్‌ని ఎవరు ఎన్నుకున్నారు? నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే. టిమ్‌కి మూడు నెలలని గడువు పెట్టారు, అది అయ్యాక తిరిగొచ్చారు కూడా. రాత్రి_షిఫ్ట్ గారికి గడువూ లేదు, కారణమూ లేదు.

కోడ్‌కూలీ:
గడువు సంగతి నేను తక్కువ చేసి చూశానేమో, ఒప్పుకుంటా. కానీ ఆ 47 మాత్రం నాకు మింగుడుపడట్లేదు. ఎవరో ఒకరు కూర్చుని మరీ లెక్కపెట్టారు కదా. "కాస్త ఆగండి, మిగతావాళ్ళని మాట్లాడనివ్వండి" అని ఇరవయ్యో పోస్టు దగ్గరే చెప్పి ఉంటే?

సెమికోలన్:
చెప్పినా ఆగని మనుషుల్ని నేను చాలామందిని చూశాను. రాత్రి_షిఫ్ట్ గారూ, మీ బటన్ మళ్ళీ వచ్చిందా?

రాత్రి_షిఫ్ట్:
రాలేదండి. కోఆర్డినేటర్ గారు కూడా పోయినేడాది మానేశారు. ఇప్పుడు ఆమోదించేవాళ్ళు ఎవరూ లేరు, 312 వాక్యాలు క్యూలో ఉన్నాయి. అందులో పదకొండు నావే.