దాడి తర్వాత నాయకుల మాటల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: ఉగ్రదాడుల తర్వాతి ప్రసంగాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. అమెరికాపై సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2001 సెప్టెంబర్ 20న అధ్యక్షుడు బుష్ ప్రతి దేశాన్నీ మా వైపా, ఉగ్రవాదుల వైపా తేల్చుకోమన్నారు. 2011లో 77 మంది చనిపోయాక నార్వే ప్రధాని స్టోల్టెన్‌బర్గ్ మరింత ప్రజాస్వామ్యమే మా జవాబన్నారు. ఎందుకిలా?

జవాబు: బుష్‌కు యుద్ధానికి మద్దతు కావాలి. నార్వేలో దాడి చేసింది సొంత పౌరుడే. సైన్యాన్ని ఎవరి మీదికి పంపుతారు?

జవాబు: బుష్‌ను ఆ ఒక్క మాటతో కొలవకండి. మూడు రోజుల ముందే వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్‌కు వెళ్లి, ముస్లింలను గౌరవించాలని గట్టిగా చెప్పారు.

జవాబు: నాకైతే క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పుల తర్వాత, 2019 మార్చి 19న న్యూజిలాండ్ పార్లమెంటులో అప్పటి ప్రధాని ఆర్డెర్న్ ప్రసంగమే గొప్పది. సలామ్‌తో మొదలుపెట్టారు. హంతకుడి పేరు పలకనన్నారు, పోయినవాళ్ల పేర్లే తలవమన్నారు. వాడు కోరుకున్న ప్రచారం ఆమె నోట దక్కలేదు.